బట్టీ దగ్గర ట్రంకాల్

“ట్రంకాల్ వస్తన్నదే!” అని నాంచారమ్మ కేకేసింది.

సున్నపు బట్టీ నీడలో కూర్చున్న ఆడవాళ్లంతా గబుక్కున లేచి, రాళ్ల తట్టలు నెత్తికెత్తుకున్నారు. ఆ పొద్దున్నే పనిలో చేరిన బీబీకి ఏమీ అర్థం కాలేదు.

“ఇక్కడ ఫోనేదక్కా?”

“ఫోను కాదే పిచ్చిదానా, పిచ్చియ్య మేస్త్రీ! పక్కనున్నోళ్లతో మాట్టాడినా హైదరాబాదుకి ట్రంకాల్ చేసినట్టే అరుస్తాడు. ఆయన ముందు మాత్రం ఈ మాట అనబాక. తెలిసిందా, పనిలోంచి పీకేస్తాడు.”

బీబీకి నవ్వు ఆగలేదు. తట్ట జారి, రాళ్లు వెళ్లి అప్పుడే అక్కడికొచ్చిన మేస్త్రీ కాళ్ల ముందు దొర్లాయి.

“ఏందే ఆ నవ్వు?” మేస్త్రీ అరుపుకి బట్టీ మీద కాకులు లేచిపోయాయి.

“ఏం లేదు మేస్త్రీ, కొత్తపిల్ల,” అంది నాంచారమ్మ.

అందర్నీ కలిపి తిట్టిపోసి, మేస్త్రీ తనే ఆ నీడలో చతికిలబడి బీడీ ముట్టించాడు. ఆయన కూర్చోవటం చూసి ఆడవాళ్లు కూడా మెల్లగా తట్టలు దించారు.

బీడీ సగం కూడా కాలలేదు. పిడుగురాళ్ల రోడ్డు మీద ఓనరు జీపు దుమ్ము లేచింది. మేస్త్రీ బీడీ పారేసి, పరుగున వచ్చి, బీబీ తట్ట లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

“ఒసేయ్, లెగండే. పెద్ద ట్రంకాల్ వస్తన్నది.”

నాంచారమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆయనకి ఆ మాట తెలిసినందుకు కాదు. పిచ్చియ్య మేస్త్రీ గుసగుసలాడటం ఆమె అంతకుముందు ఎన్నడూ వినలేదు.