ప్రార్థనకొచ్చిన కారు

సంఘపెద్ద ఎన్నికనాడు కొరియాలోని మా వొంజు చర్చి సంఘమంతా, పోటీలో ఉన్న గుక్ దల్సును ఒకే మాటతో పొగిడింది: "తెల్లవారుజాము ప్రార్థనకు ఆయన కారు రాని రోజు లేదు."

నేను లేచాను.

"ఆ కారు చలికాలమంతా మందిరం ఆవరణ దాటలేదు. బ్యాటరీ చచ్చిపోకుండా అద్దం కింద సోలార్ పలక పెట్టాడు. ముందద్దం దగ్గరి కెమెరా దీపం మిణుకుమంటుంటే, రోడ్డున పోయేవాళ్లు ఈయన ఇప్పుడే వచ్చాడనుకోవాలి. బైబిల్లో నలుగురూ చూడాలని ప్రార్థించిన ఆ పరిసయ్యుడు నయం, తన కాళ్లమీద తను నిలబడి ప్రార్థించాడు. ఈయన కారును నిలబెట్టాడు. మొన్నటి మంచుకు అద్దమంతా కప్పుకుపోయి, పలకకు ఎండ తగలక దీపం ఆరింది. పోయి చూసుకోండి."

ఎవరూ కదల్లేదు. దల్సు మాత్రం నింపాదిగా నవ్వాడు.

"అన్నా, ప్రార్థన నడిపేది మీరు కాబట్టి నేను లోపల లేనని మీకు తెలుసు. మీరు కాక, ఈ చలికాలం ప్రార్థనకొచ్చి, నేను లేకపోవడం కళ్లారా చూసినవాళ్లు ఇంకొక్కరుంటే లేవమనండి."

బెంచీల్లో అందరూ పాటల పుస్తకాలు తెరిచి, ఎవరూ చెప్పని పాట వెతుక్కున్నారు.

నా ఓటు తప్ప అన్నీ దల్సుకే పడ్డాయి.