క్షమిస్తేనే కదిలే లారీ

స్టీరింగు నా నాడి చూసింది. "బీపీ బాగుంది, నిద్ర బాగుంది. మనసులో పగ ఉంది. ఓనరుగారిని క్షమించి ప్రార్థన చెయ్యి, జకరయ్యా."

పగ ఉన్నవాడికి పాస్టరుగారు చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఇప్పుడు లారీ కూడా కదలదు.

నా భార్య సువార్త చావుబతుకుల్లో ఉంటే సెలవివ్వనివాడు ఆ ఓనరే.

"సూది వేయించుకో మామా, పగ పోద్ది," అన్నాడు పక్క లారీ దీవెనయ్య. "నేను మొన్న వేయించుకున్నా. హాయిగా ఉంది."

"నీ కొడుకుని గుద్ది చంపినోడి మీద కోపం పోయిందా?"

దీవెనయ్య నవ్వుతూ ఆలోచించాడు. "నాకు కొడుకున్నాడా మామా?"

దిగిపోదామని బెల్టు విప్పబోయాను. అది ఊడలేదు. సీటులోంచి చల్లగా, సూదిమొనలా ఏదో నడుముకు తగిలింది. సువార్త పేరు గట్టిగా పలకడం మొదలుపెట్టాను.