నలభై ఒకటో సెకను

ఉదయం ఆరింటికి మళ్ళీ వచ్చింది.

ఒక లింకు. దాని కింద 2:14 అని అంకెలు. అంతే.

గ్రేసీ ఫోన్ బల్లమీద బోర్లా పెట్టేసింది. తొమ్మిది రోజులుగా ఇదే వరస.

"రోజుకో ముత్యం" వాట్సాప్ గుంపు ఆమెదే. బేగంపేటలో ఓ స్కూల్లో సంగీతం టీచరు. నెట్‌లో దొరికిన పాత పాటో, మంచి బొమ్మో, సినిమా పోస్టరో రోజుకొకరు పంచుకోవాలి. అరవై మూడు మంది సభ్యులు. వచ్చినదాన్ని తెరిచి చూసేవాళ్ళు ఆరుగురుంటే గొప్ప. మిగతావాళ్ళు తెరవకుండానే చప్పట్ల బొమ్మ పెట్టేసి కాఫీకి లేచేవారు.

గ్రేసీకి మాత్రం ఆ గుంపుతో సొంత పని ఒకటుంది.

వాళ్ళమ్మ మార్త తన జీవితంలో ఒకే ఒక్క క్యాసెట్‌లో, ఒకే ఒక్క భక్తిపాట పాడింది. గ్రేసీకి తొమ్మిదేళ్ళప్పుడు చనిపోయింది. ఆ పాటలో అమ్మ గొంతు వెనకాలే ఒక క్లారినెట్ నడుస్తుంది. వాయించింది ఎవరో క్యాసెట్ మీద లేదు. ఆ మనిషి దొరికితే అమ్మ ఆ రోజు ఎలా పాడిందో, ఏ చీర కట్టుకుందో, భయపడిందో లేదో అడగాలని ఆమె ఆశ. మూడేళ్ళ కిందట ఆ పాటను యూట్యూబ్‌లో పెట్టింది. ఎవరూ పలకలేదు.

ఇప్పుడీ కొత్త నంబరొకటి. పేరు లేదు, ఫొటో లేదు. లింకుతో పాటు కనిపించాల్సిన చిన్న బొమ్మ కూడా లేదు.

నరసరాజు ఫోన్ చేశాడు. ఆయన రిటైరైన ఇంజనీరు, ఎవరూ అడక్కపోయినా గుంపుకి కాపలాదారు.

"అమ్మా గ్రేసీ, ఆ అంకెలు చూశావా?"

"చూశానండీ. టైమేమో?"

"టైమైతే రోజుకొకటి ఎందుకుంటుంది? మొన్న 1:20, నిన్న 3:05. ఇవేవో సంకేతాలమ్మా. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఇలాంటి లింకే నొక్కాడు. ఫోన్లో ఉన్నదంతా ఎవడి చేతికో పోయింది."

గ్రేసీ వెంటనే గుంపు తెరిచింది.

"అసలు ఈయన్ని చేర్చిందెవరు?" అని గుంపులో అడిగింది.

"నేను కాదు" అన్నారు అందరూ.

"నేనూ కాదు" అని రాసింది గ్రేసీ. "ఆ లింకులు ఎవరూ తెరవకండి."

ఈ ఒక్క మాట మాత్రం అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. అలవాటైన పనే కదా.

మర్నాడు గుంపులోనే ఆ నంబరును నేరుగా అడిగింది. "మీరెవరు?"

టైప్ చేస్తున్నట్టు చాలాసేపు కనబడింది. చివరికి వచ్చింది ఒక లింకు. 4:30.

"ఈ గుంపులోకి మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

మళ్ళీ చాలాసేపు. మళ్ళీ లింకు. 0:41.

"వెటకారం చూశావా!" అన్నాడు నరసరాజు.

ఆ మధ్యాహ్నం స్కూల్లో ఉండగా అదే నంబరు నుంచి కాల్ వచ్చింది.

"హలో, ఎవరండీ?"

మాట లేదు. బరువుగా ఊపిరి, నడుమ నడుమ సన్నటి మూలుగు. తెగిపోతూ, మళ్ళీ మొదలవుతూ.

గ్రేసీ భయపడి పెట్టేసింది. ఆ నంబరును బ్లాక్ చేసింది, గుంపులోంచి తీసేసింది. గుంపులో అందరూ చప్పట్ల బొమ్మ పెట్టారు.

నెల తిరిగింది. సైనిక్‌పురిలో నరసరాజు గారింట్లో సభ్యులంతా కలుసుకున్నారు. గ్రేసీ వాళ్ళమ్మ పాట టీవీలో పెట్టారు. మార్త గొంతు మెల్లగా పైకి వెళ్ళి ఒక చోట ఆగింది. అక్కడ క్లారినెట్ అందుకుంది.

నరసరాజు కళ్ళజోడు సర్దుకుని టీవీకి దగ్గరగా వంగాడు.

"గ్రేసీ... అక్కడ టైము చూడమ్మా."

పాట కింద గీత మీద 0:41.

గ్రేసీ ఫోన్ తీసింది. ఆ నంబరు పంపిన ఆఖరి లింకును మొదటిసారి నొక్కింది. అమ్మ పాటే తెరుచుకుంది. దాని పై లింకు నొక్కింది. ఎప్పటిదో నాటకం పాట. 4:30 దగ్గర క్లారినెట్. 2:14 చూసింది. అక్కడా క్లారినెట్టే.

వరండాలోకి పరుగెత్తి, బ్లాక్ తీసేసి ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"హలో, ఎవరూ?"

"నేను గ్రేసీనమ్మా. ఈ నంబరాయనతో ఒక్కసారి మాట్లాడాలి."

"గ్రేసీ మేడమా? నేను సోమయ్య బిడ్డను, కాంతమణి. లాలాగూడలుంటం." గొంతు తగ్గింది. "బాపు పోయిండు మేడం. మొన్ననే దినాలు సుత అయిపోయినయి."

"ఆయన క్లారినెట్ వాయించేవారా?"

"రైల్వే వర్క్‌షాపుల ఫిట్టరు. లీవు పెట్టి రికార్డింగులకు పోతుండె. ఆఫీసర్లకు తెలిస్తే తక్లీఫ్ అయితదని యాడ పేరు ఏయించుకోలె. పోయినేడు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది, కుడిచెయ్యి సుత పడిపోయింది. ఎడమచేతితోని అక్షరాలు కొట్టరాకపోతుండె. నెంబర్లయితే కొడుతుండె. ఏ పాటల యాడ ఊదిండో గా టైము."

"ఒకసారి నాకు ఫోన్ చేశారు..."

"నేనే కలిపిచ్చి, బాపు చేతికిచ్చి పనికి పోయిన మేడం. మాట రాకున్నా రాగం జెర జెర వస్తుండె. మీ అమ్మగారి పాట మీకు వినిపిస్తా అన్నట్టు సైగ చేసిండు."

గ్రేసీకి ఏడుపు ఆగలేదు. అయినా అడిగింది.

"మా గుంపు సంగతి ఆయనకెవరు చెప్పారమ్మా? లింకు ఎవరిచ్చారు?"



"మీరే కద మేడం... ఆ పాట కింద 'ఈ క్లారినెట్ వాయించినవారు ఎక్కడున్నా మా గుంపులోకి రండి' అని రాసి లింకు పెట్టిండ్రు, పిలిచిండ్రని వచ్చిండు."