లోతుగా దిగిన శుభలేఖ

అంతా చెవిలో వినడమే తప్ప చదవడమన్నది లేని కాలమది. అక్షరాలు ముగ్గుల్లా అందానికి మిగిలాయి. ఒకప్పుడు ప్రెస్సులో అచ్చక్షరాలు పేర్చిన ముసలి కంపోజిటర్ వీరభద్రయ్యకు మాత్రం చదువు పోలేదు. అచ్చుయంత్రాల పిచ్చి ఉన్న ఫణిభూషణరావు మూతపడ్డ ప్రెస్సులో కాలితో తొక్కే ట్రెడిల్ యంత్రమొకటి దొరకబుచ్చుకుని, తుప్పు వదిలించి, అందులో ఎప్పుడో బిగించి ఉన్న అక్షరాల పేజీతోనే కూతురి శుభలేఖలు అచ్చేసి, మూలలకు పసుపు రాసి, ఊరంతా పంచి వీరభద్రయ్యకూ ఒకటిచ్చాడు.

వీరభద్రయ్య దాన్ని చదివి ఉలిక్కిపడ్డాడు. "బాబుగారూ, ఇది మా ప్రెస్సు ఓనరుగారి పెద్దకర్మ కార్డండీ! నేనే కంపోజు చేశాను."

"చేస్తే చేశావులేవయ్యా, అక్షరం ఎంత లోతుగా దిగిందో తడిమి చూడు! వియ్యంకుడుగారు ఫ్రేము కట్టించి పూజగదిలో పెట్టుకున్నారు. పెళ్లికి నువ్వూ రావాలి."

వీరభద్రయ్య ఇంటికెళ్లి తలమీద నీళ్లు పోసుకున్నాడు. పెళ్లిభోజనం మాత్రం మానలేదు. ఓనరుగారి పెద్దకర్మనాడు తనకు విస్తరి వెయ్యలేదు మరి.