అడ్డం లేని మెట్లు

విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని శిక్షణ గదిలో, అగ్నిప్రమాదాల పాఠానికి వచ్చిన బడిపిల్లలను దేవేందర్ అడిగాడు: "ఇంట్ల చూసి రమ్మన్న కదా. మంటలొస్తే మీరు బయటపడే దారికి ఏం అడ్డమున్నది?"

"మా బాపు బండి సార్."

"మా నాయనమ్మ మంచం."

"మంచం కాదు సార్, వాళ్ల నాయనమ్మనే అడ్డం."

అందరూ నవ్వారు. కృపారాణి మాత్రం నవ్వలేదు.

"మరి మీ ఇంట్ల?"

"ఏం లేదు సార్."

"సరిగ్గ చూసినవా?"

"చూసిన సార్. మెట్లన్ని ఖాళీగనే ఉన్నయి."

చూడకుండానే చూశానని చెప్పడం ఎంత ప్రమాదమో, ఆ పిల్లను నిలబెట్టి, ఆయన తరగతికంతటికీ ఓపికగా వివరించాడు. ఆమె తల వంచుకొని విన్నది.

సాయంత్రం దేవేందర్ తార్నాకలోని తన సొంత ఇంటికి చేరాడు. పాఠాల కోసం చేయించిన పటాలు, థర్మకోల్ నమూనాలు నింపిన అట్టపెట్టెలు మెట్ల పొడవునా పేర్చి ఉన్నాయి. అలవాటుగా పక్కకు తిరిగి, గోడను రాసుకుంటూ మొదటి అంతస్తులోని తన వాటాకు ఎక్కసాగాడు.

పైవాటాలో అద్దెకుండే కృపారాణి తల్లి ఎదురుగా దిగి వచ్చింది.

"మా పాప క్లాసుల ఏమన్న అన్నదా సార్? మీ పెట్టెల సంగతి ఎత్తొద్దని చెప్పే పంపిన. చిన్నపిల్ల, నోరుజారితే మనసుల పెట్టుకోకుండ్రి. ఇల్లు ఖాళీ చెయ్యమనకుండ్రి సార్."

"తను ఏమనలేదమ్మా," అన్నాడు దేవేందర్. "నేనే అన్న."

ఆమెకు దారి ఇవ్వడానికి ఆయన మెట్లన్నీ వెనక్కి దిగవలసి వచ్చింది.