ఇంజన్లో చప్పుడు

"నిన్న గుర్రంలా పరిగెత్తిన కారుని మళ్ళీ ఎందుకు విప్పుతున్నారు?" షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది భార్య.

కారు కింద నుంచి భర్త కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఇంజన్లో ఏదో చప్పుడు."

"రాదా మరి? తుక్కు కింద కొన్న బండి ఇన్నేళ్ళకి కదిలింది, దానికే దడ పుట్టి ఉంటుంది. ఊళ్ళో ఉన్న పానాలూ రెంచీలూ అన్నీ మన షెడ్డులోనే ఉన్నాయి. వంటింట్లో కుళాయి మాత్రం కారుతూనే ఉంది. దానికి చక్రాలు లేవు కదా, పాపం!"

ఆయన బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. ముఖం నిండా గ్రీజు.

"చప్పుడేం లేదు," అన్నాడు మెల్లగా.

"మరి?"

"బండి పాడై ఉన్నన్నాళ్ళూ రోజూ ఇక్కడికొచ్చి నన్ను దెప్పేదానివి. నిన్న బాగైపోయింది. రాత్రి అన్నం దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోలేదు. నువ్వు గమనించావో లేదో."

ఆమె గమనించింది. గోడకి ఆనించిన పాత టైరుని కిందికి పడేసి, దాని మీద కూర్చుంది.

"అయితే ఆ బ్రేకులు కూడా విప్పండి," అంది. "మీ చేతిలో పడ్డాక అవి మాత్రం ఎందుకు బాగుండాలి?"