ఎడమచేతి గిటారు

వాద్యాల దుకాణంలో గిటారును బల్ల మీద పడుకోబెట్టి, ప్రూఫ్‌రీడర్ గొంతు సవరించుకున్నాడు.

"దీని పిక్‌గార్డ్ ఊడిపోయిందండీ. కొత్తది కావాలి."

పిక్‌గార్డ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. గోళ్లు తగిలి చెక్క గీసుకుపోకుండా గిటారు మధ్య రంధ్రం పక్కన అతికించే పల్చటి ప్లాస్టిక్ రేకు. ఆ మాట ఆయన నేర్చుకున్నదీ నిన్ననే.

దుకాణదారు నల్లటిది ఒకటి తీసి పెట్టి చూశాడు. పాత జిగురు మరక ఒకవైపు ఉంటే, రేకు వంపు ఇంకోవైపు తిరిగింది.

"ఓరి నాయనో! ఇది ఎడమచేతి వాళ్ల గిటారండీ. ఎవరిది, మీ ఆవిడదా?"

"ఆఁ," అన్నాడు ప్రూఫ్‌రీడర్.

"మరి ఎడమచేతి వాటమని ముందే చెప్పొద్దూ?"

"ఎడమచెయ్యా?"

దుకాణదారు పకపకా నవ్వాడు. "బాగుందండీ వరస! ఇన్నేళ్లూ ఏ చేత్తో వాయిస్తోందో కూడా చూళ్లేదా?"

"వినడంలో పడి..." అని నసిగాడు.

వినడం మాత్రం విన్నాడు. రోజూ సాయంత్రం ఆరింటికి ఒకటే పాట. రెండో చరణంలో, సరిగ్గా ఒకేచోట తప్పు. ఆగి, చిన్నగా నవ్వి, మళ్లీ మొదటి నుంచి. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల అచ్చుతప్పులన్నీ దిద్దిన మనిషి, ఆ ఒక్క తప్పు వినడానికి ఆఫీసు నుంచి పరుగున వచ్చేవాడు. ఆరు నెలల కిందట ఆవిడ పోయింది. అప్పటి నుంచీ ఆరయిందంటే ఆయనకు ఇల్లు కరవడానికొస్తోంది.

"సామానంతా అమ్మకానికి పెడితే ఎవరెవరో పట్టుకుపోయారండీ. ఇదొక్కటే నాకు దక్కింది."

దుకాణదారు నవ్వు చప్పున ఆగిపోయింది. అరలన్నీ వెతికి ఎడమచేతి పిక్‌గార్డ్ పట్టుకొచ్చాడు. అతికించబోతూ అడిగాడు.

"చెక్క మీది ఈ గీతలకి కాస్త పాలిష్ పెట్టనా? ఆవిడ గోళ్లవే అనుకుంటా."

"వద్దొద్దు! ఉంచండి. పుణ్యముంటుంది."

ఇంటికొచ్చి గిటారును గోడకు ఆనించి, ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఎడమచెయ్యి గాల్లో ఆడించి చూసుకున్నాడు. ఇలాగే కాబోలు అనుకున్నాడు. ఏడుపు ఆగలేదు.

గడియారం ఆరు కొట్టింది.

ఆ గోడకు అవతల, వెనకవీధి ఇంట్లో పదకొండేళ్లపాటు ఆ పాట వాయించిన ఆవిడను ఆయన ఒక్కసారైనా చూడలేదు.